కాదన్నోడికి మొదటి గ్లాసు

విశాఖ వైపు నుంచి వచ్చే ప్యాసింజరు బండి చీపురుపల్లి చేరకముందే ఆ వాసన పెట్టెలోకి వచ్చేసింది. గోగు ఊరుతున్న వాసన. కోసిన గోగుకట్టలను గెడ్డలో, అంటే వాగు నీళ్లలో ముంచి, పైన రాళ్లూ మట్టిపెళ్లలూ బరువు పెట్టి, తొక్క మెత్తబడి నార వదిలేదాకా అలాగే ఉంచుతారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల గాలి పీల్చడం తెలియనివాళ్లకు శిక్ష. ఎదుటి సీటులో ఉన్నావిడ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏటమ్మా ఈ కంపు, ఏదైనా సచ్చిందేటి?" అంది. పక్కన కిటికీ దగ్గర కూర్చున్న ముసలాయన నవ్వాడు. "సావనేదమ్మా, గోగు. మజ్జిన కొన్నాళ్లు ఈ కంపు కూడా నేకపోయింది. ఇప్పుడు మళ్లీ వస్తన్నాది" అన్నాడు, ఏదో తప్పిపోయిన గేదె తిరిగి వచ్చినట్టు. నాకు మాత్రం ఆ వాసనకి టీ గుర్తొచ్చింది. ఇంకా గ్లాసులో పడని టీ. ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, మూత మీద చెయ్యి వేసి, మా అందరి మొహాలూ వరసగా చూసే తవిటినాయుడు గారు గుర్తొచ్చారు.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెప్పాలి. తవిటినాయుడు గారు చీపురుపల్లి దగ్గరి రైతు కుటుంబంలో పుట్టి, చాలా ఏళ్లు ఒక జనపనార మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేశారు. మిల్లు మూతపడ్డాక, తుక్కు కింద అమ్మేస్తున్న ఒక పాత ప్రెస్సు మిషను కొని, ఊరి బయట రేకుల షెడ్డులో పెట్టారు. గోగునారను పరిచి, నొక్కి, మెత్తటి పట్టల్లా చేసేవారు. గాజు సామానో, మందు సీసాలో, మామిడిపళ్లో పెట్టెల్లో సర్దేటప్పుడు థర్మకోలు బదులు ఆ పట్ట వాడొచ్చు. పట్నంలో ఇలాంటిదాన్ని స్టార్టప్ అంటారని ఆయనకి తర్వాత తెలిసింది. తెలిసినా ఆయన "మన షెడ్డు" అనే అన్నారు.

నేను అప్పుడు ఒక దినపత్రిక జిల్లా పేజీలకు పనిచేస్తున్నాను. ఆయన గురించి ఒక చిన్న వార్త రాశాను. మర్నాడు ఆయన మా ఆఫీసుకి వచ్చారు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో నా వార్త ఉన్న పేజీ.

"ఇది రాసినోడు ఎవుడు?"

"నేనేనండి."

"మొత్తం మంచే రాసినావు. నా పట్ట తడిస్తే కంపు కొడతాది. అది ఎందుకు రాయనేదు?"

"మీరు చెప్పలేదు కదండీ."

"నానెందుకు సెప్తాను? అడగడం నీ పని కాదేటి? రేపు కొన్నోడు వాసన సూసి, నాయుడూ పేపరోడూ ఇద్దరూ దొంగలే అంటాడు."

పత్రికలో ఉన్నన్నాళ్లూ నా మీద ఫిర్యాదులు చాలా వచ్చాయి. చెడుగా రాశావని వచ్చినవాళ్లే అందరూ. మంచే రాశావని తగువుకొచ్చిన మనిషి ఆయనొక్కరే. తర్వాత కొంతకాలానికి పత్రికలో పేజీలు తగ్గించారు, పేజీలతోపాటు మమ్మల్నీ తగ్గించారు. అప్పుడు ఆయనే కబురు పెట్టారు. "కాళీగా ఉన్నావంట. నాకు రాసీవోడు కావాల. జీతం తక్కువ, తిట్లు ఎక్కువ. ఇష్టమైతే రా." అలా చేరాను.

షెడ్డులో పొద్దుటి టీ అంత సులభంగా దొరికేది కాదు. ప్రెస్సు మిషను వేసేముందు అందరినీ పిలిచేవారు. మిషను నడిపే రమణ, రైతుల నార తూకం, చెల్లింపులు చూసే ఆయన ఏకైక కూతురు గౌరి, నార దులిపే ఆడవాళ్లు, నేను. ఆ రోజు ఏం చేయాలనుకున్నారో చెప్పి, చివర్న ఒకే ప్రశ్న అడిగేవారు: "కాదన్నోడు ఎవుడు?" ఎవరో ఒకరు ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టేదాకా ఫ్లాస్కు మూత తెరుచుకోదు. పట్టినవాళ్లకే మొదటి గ్లాసు. అలాగని తప్పు పట్టినందుకు మురిసిపోయేవారేం కాదు. ముందు వాడి వంశాన్నంతా తిట్టి, తర్వాత టీ పోసేవారు.

నిజం చెప్తున్నాను, ఆ పద్ధతితో నాకు విసుగెత్తిపోయింది. మనిషికి పొద్దున్నే ఒక గుక్క టీ కడుపులో పడకుండా అభిప్రాయం ఎక్కడినుంచి వస్తుంది? కొందరు దారిలోనే ఏదో ఒక అభ్యంతరం తయారు చేసుకుని వచ్చేవారు. ఒకసారి రమణ, "ఈ బెంచీ ఇక్కడుండకూడదు, ఆ మూలకి జరపాల" అన్నాడు. "అది కాదనడం కాదురా, టీ కోసం మొరగడం" అన్నారాయన. మూత తెరవలేదు.

కానీ అదే రమణ ఇంకోరోజు, "ఆ కొత్త సరుకు నార ఆరనేదు మావా. నొక్కితే బూజెక్కుద్ది. ఇవాల లోడు పంపకూడదు" అన్నాడు. ఆ రోజు లోడు పంపుతానని ఆయన కొనేవాళ్లకి మాట ఇచ్చి ఉన్నారు. లేచి నిలబడ్డారు. "ఎండబెట్టమన్నప్పుడు ఏ గాడిద కాస్తన్నావురా?" దగ్గర మొదలుపెట్టి చాలా దూరం వెళ్లారు. ఆయాసం వచ్చాక కూర్చుని, మొదటి గ్లాసు నింపి రమణ చేతికిచ్చారు. తర్వాత ఫోన్ తీసి, మా అందరి ముందే అవతలివాళ్లకి లోడు రాదని చెప్పి, వాళ్ల తిట్లు తాను తిన్నారు. ఆ వరస ఎప్పుడూ మారేది కాదు. కింద నుంచి వచ్చిన 'కాదు'కి పై నుంచి వచ్చే తిట్లు ఆయనే మోసేవారు.

ఇక డబ్బు సంగతి. మా చుట్టుపక్కల మెట్టరైతులు గోగు మానేసి మొక్కజొన్నకి మారిపోయారు. నార లేకపోతే షెడ్డు లేదు. అందుకని ఆయన పాత మోపెడ్డు మీద ఊరూరూ తిరిగి, "గోగు ఎయ్యండి, కొనీ పూచీ నాది" అని చెప్పారు. ఒకసారి నేనూ వెనక కూర్చుని వెళ్లాను. పోలినాయుడు అనే రైతు కళ్లంలో నిలబడి అంతా విని, "మాట తప్పితేనో?" అన్నాడు.

"తప్పితే నా గుమ్మం కాడికొచ్చి తిట్టు."

"తిడితే కడుపు నిండుతాదేటి, నాయుడూ?"

అలా అన్నవాడే ఉన్న మెట్టంతా గోగు వేశాడు. అతన్ని చూసి మరికొందరు వేశారు. ఆ పంట కోతకొచ్చేలోపు ఇంకో ప్రెస్సు కావాలి, నార కొనడానికి చేతిలో డబ్బుండాలి. బ్యాంకు తాకట్టు అడిగింది. దాంతో మేము పెట్టుబడి పెట్టేవాళ్ల వెంట పడ్డాం.

ఆ తిరుగుడు గురించి తలచుకుంటే ఇప్పటికీ చిరాకే. విశాఖలో ఒక హోటలు హాలు, హైదరాబాదులో ఒక అద్దాల గది, మళ్లీ విశాఖ. నార గురించి అడుగుతారని, థర్మకోలు ధర గురించి అడుగుతారని నేను రాత్రనక పగలనక కాగితాలు తయారుచేశాను. వాళ్లు మా పట్టని చేతులు మార్చుకుని, వాసన చూసి, బాగుందని తలూపి, "మీ టీమ్ గురించి చెప్పండి" అనేవారు. "మావోలు బానే ఉన్నారు బాబూ" అనేవారు తవిటినాయుడు గారు, క్షేమసమాచారం అడిగారనుకుని. లెక్కలెవరు చూస్తారు, అమ్మకాలెవరు చూస్తారు, మీ తర్వాత ఎవరు? అన్నిటికీ ఆయన జవాబు ఒకటే: "నానే." ఒక కుర్రాయన మర్యాదగానే చెప్పాడు. "సార్, మేం డబ్బు పెట్టేది నారలో కాదు, మనుషుల్లో. ఒక్క మనిషి మీద పెట్టలేం."

తిరుగు బస్సులో ఆయన కుదురుగా కూర్చోలేదు. "నాను పోతే ఎవుడని అడిగినాడు రిపోర్టరు బాబూ! నా మొకం మీదే! మా ఇంట్లో కూడా ఇంతవరకూ ఎవుడూ అడగనేదు."

"అడిగినదాంట్లో తప్పేముందండీ? నాకూ ఆ ప్రశ్నే ఉంది" అన్నాను.

విజయనగరం బస్టాండులో దిగి రెండు టీలు చెప్పి, మొదటి గ్లాసు నా చేతికిచ్చారు. "అయితే టీమ్ కావాలంటావు. సరే. కడతాను" అన్నారు.

కట్టారు. పెళ్లికి మనుషుల్ని కూడగట్టినట్టు కట్టారు. శ్రీకాకుళంలో ఉంటున్న అల్లుణ్ణి రమ్మని కబురుపెట్టారు. అల్లుడు కిరణ్ విశాఖలో ఎం.బి.ఏ. చదివి, ఒక కంపెనీలో అమ్మకాల పని చేసినవాడు. నల్లబూట్లు, చక్కటి ఇంగ్లీషు, ఎవరితోనైనా మాట కలపగల చొరవ. వచ్చీ రాగానే డైరెక్టరయ్యాడు. రోజూ శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చి షెడ్డు సగం నెత్తినేసుకున్న గౌరి పేరు మాత్రం నేను తయారుచేసిన టీమ్ కాగితంలోంచి ఆయన కొట్టేశారు. "అది మన పిల్లే కదా, ఎలాగూ ఉంటాది" అన్నారు. ఆ మాటకి నేను పళ్లు కొరుక్కున్నాను. గౌరి బి.కాం. చదివింది, ఏ ఊరి నార ఎంత తడి లాగుతుందో, ఏ రైతుకి డబ్బు ఎప్పుడు అవసరమో ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇంటివాళ్లని పెట్టుకోవడం తప్పని నేను అననుకాక అనను. మా వైపు డబ్బు పోతే కోర్టుకెళ్లి తెచ్చుకునే లోపు మనిషి పోతాడు. అందుకే నమ్మకం చుట్టరికం దారిలోనే నడుస్తుంది. పట్నం కంపెనీల్లో పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లూ చాలామంది ఒకే కాలేజీ హాస్టలు గదిలో పడుకున్నవాళ్లే. వాళ్లు ఒకర్నొకరు బావా అని పిలుచుకోరు, అంతే తేడా. పెట్టుబడి పెట్టేవాళ్లకి ఆ చుట్టరికం అర్థమవుతుంది, మనది అర్థం కాదు. కానీ హాస్టలు గదిలో స్నేహితుణ్ణి పట్టుకుని 'నీ బొంద' అనొచ్చు. అల్లుణ్ణి అనగలమా?

మా వైపు అల్లుడంటే ఏమిటో చెప్పాలి. అల్లుడు వస్తే మామగారు కుర్చీలోంచి లేస్తారు. కూరలో ఉప్పెక్కువైందని అల్లుడంటే సముద్రాన్ని తప్పుపడతారు గానీ అల్లుణ్ణి కాదు. కిరణ్ చేరిన మొదటి రోజు పొద్దున్న అందరం చేరాం. తవిటినాయుడు గారు ఆ రోజు పని చెప్పారు. ప్రశ్న కోసం ఎదురుచూశాం. ఆయన ప్రశ్న అడగలేదు. ఫ్లాస్కు మూత తీసి, గ్లాసు నింపి, రెండు చేతులతో పట్టుకుని, "తీసుకోండి అల్లుడు గారూ" అన్నారు. రమణ నా వైపు చూశాడు. నేను కిరణ్ బూట్ల వైపు చూశాను.

ఆ తర్వాత 'కాదన్నోడు ఎవుడు' అనే మాట ఆ షెడ్డులో వినబడలేదు. కిరణ్ ఏది చెప్పినా "అలగే బాబూ, అలగే". పెద్ద ప్రెస్సు కొందామన్నాడు, అలాగే. రంగుల్లో పుస్తకం అచ్చువేయిద్దామన్నాడు, అలాగే. మా షెడ్డుకున్న కరెంటు లైను ఉన్న మిషనుకే ఎగపోస్తోంది, పెద్ద మిషను వేస్తే ఊరంతా చీకటే. ఆ సంగతి రమణకి తెలుసు, గౌరికి తెలుసు, నాకు తెలుసు, తవిటినాయుడు గారికి అందరికంటే బాగా తెలుసు. నేను విడిగా పట్టుకుని అడిగితే, "తెలుసులే. మెల్లగా ఆయనకే తెలుస్తాది. ఇంటల్లుడు బాబూ, ఏటంతాను?" అన్నారు. రమణని నార ఆరలేదన్నందుకు తిట్టి టీ పోసిన మనిషేనా ఈయన అని నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అప్పుడు వసుధ గారొచ్చారు. హైదరాబాదులో ఒక చిన్న పెట్టుబడి సంస్థ నడిపే ఆవిడ. జుట్టు నెరిసింది, మాట తక్కువ. మా కాగితాలు చదివి, చూద్దామని రైల్లో చీపురుపల్లి వచ్చారు. తవిటినాయుడు గారింట్లో భోజనం. గోగాకు పచ్చడి, కందిపప్పు, చేపల పులుసు. విస్తళ్లు వేశాక మొదటి వడ్డన అల్లుడికి, తర్వాత అతిథికి. ఆవిడ అది చూశారు. పొద్దున్న షెడ్డులో మొదటి టీ గ్లాసు ఎవరికి వెళ్లిందో కూడా ఆవిడ చూశారని నాకు అప్పుడు తెలియదు.

మధ్యాహ్నం షెడ్డులో కూర్చున్నాం. కిరణ్ లేచి చక్కగా మాట్లాడాడు. వచ్చే పంటకల్లా పట్టల తయారీ ఎన్నో రెట్లు పెంచుతామన్నాడు.

"కరెంటు సరిపోతుందా?" అన్నారు వసుధ గారు.

"అదేం సమస్య కాదు మేడమ్."

రమణ గొంతు సవరించుకున్నాడు. తలుపు దగ్గర టీ పళ్లెంతో నిలబడ్డ గౌరి మొగుణ్ణి చూసింది, తర్వాత తండ్రిని చూసింది. తండ్రి ఫ్యానుని చూస్తున్నారు, అది ఇప్పుడే కనిపెట్టిన వస్తువైనట్టు. నేను నోరు తెరిచాను. పక్కనే ఉన్న ఆయన చెయ్యి నా మోకాలి మీద పడి గట్టిగా నొక్కింది.

"ఇక్కడ కాదన్నవాళ్లకే ముందు టీ ఇస్తారని మీరు పంపిన కాగితాల్లో చదివాను" అన్నారు వసుధ గారు నాతో. తర్వాత ఆయన వైపు తిరిగారు. "నాయుడు గారూ, మిమ్మల్ని కాదనేది ఎవరు?"

"అందరూనమ్మా!" అన్నారాయన ప్రాణం లేచొచ్చినట్టు. "రమణ అంతాడు, ఈ రిపోర్టరు బాబు అంతాడు, మా గౌరి మరీ అంతాది."

"మరి కిరణ్ గారిని?"

ఆయన మళ్లీ ఫ్యాను వైపు తిరిగారు.

స్టేషనులో బండి కోసం నిలబడ్డప్పుడు ఆవిడ నాయుడు గారికీ నాకూ తేల్చి చెప్పారు. "మీ సరుకు నాకు నచ్చింది. కానీ కిరణ్ గారు ఆ కుర్చీలో ఉండగా నేను డబ్బు పెట్టలేను. ఆయన చెడ్డవాడని కాదు. ఆయన పొరబడితే మీ షెడ్డులో ఎవరికీ నోరు రాదు. మనసు మారితే ఫోన్ చేయండి."

ఇక ఆ పంటకాలం నేను గడిపిన రోజులు ఏ విలేకరీ గడపకూడదు. గోగు కోతలైపోయాయి. కట్టలు గెడ్డలోకి దిగాయి. వాసన మొదలైంది. రైతులు షెడ్డు గుమ్మంలోకి వచ్చి, "ఎప్పుడు తెమ్మంటారు?" అని అడగడం మొదలైంది. ఆయనేమో "ఈ వారం సూద్దాం" అంటారు. నేను ఒకరోజు ఆగలేక అడిగాను, కిరణ్ గారితో మాట్లాడారా అని.

"ఏటి మాటాడతాను?"

"కుర్చీ దిగమని."

"పొలం అమ్మీమను, అమ్మేస్తాను. అల్లుణ్ణి దిగమని ఏ నోటితో సెప్పను? నా కూతురు ఆ ఇంట్లో బతకాల."

"మరి పోలినాయుడు ఏ ఇంట్లో బతకాలండీ?"

ఆయన నాతో ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు కూడా మాట్లాడలేదు. నాకు రాజీనామా రాయాలనిపించింది. రాసి ఎవరికివ్వాలి? మళ్లీ ఆయనకే.

పోలినాయుడు ఒకసారి నార పిడికెడు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ అడగకుండా బెంచీ మీద కూర్చున్నాడు. బంగారురంగు నార, దాని పొడవు చూస్తే కళ్లు తిప్పుకోలేం. తవిటినాయుడు గారు దాన్ని చేతిలోకి తీసుకుని వేళ్లతో దువ్వుతూ ఉండిపోయారు. పోలినాయుడు లేచి, "మరెల్తాను" అని వెళ్లిపోయాడు. తర్వాత ఒక పొద్దున్న, నార కొనే షావుకారి వ్యాను మా షెడ్డు ముందునుంచే వెళ్లింది. వెనక కట్టలు కట్టిన నార, దాని మీద పోలినాయుడు. షావుకారి ఇచ్చేది ఎంతో మా అందరికీ తెలుసు; ఆ ధరకి అమ్మడంకన్నా గెడ్డలో వదిలేయడం నయం. పోలినాయుడు మా వైపు చూడలేదు. తవిటినాయుడు గారు గేటు దగ్గర తువ్వాలు చేత్తో పట్టుకుని వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడ్డారు. తర్వాత, "రా" అన్నారు నాతో, ఎన్నో రోజుల తర్వాత.

ఇంటికెళ్లాం. ఆదివారం, కూతురూ అల్లుడూ ఇద్దరూ అక్కడే ఉన్నారు. గౌరి వసారాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. కిరణ్ లోపల గదిలో ఫోన్ చూసుకుంటున్నాడు. తవిటినాయుడు గారు నిలబడే అడిగారు.

"ఒసే గౌరీ. నువ్వు మీ ఆయన్ని కాదంటావేటి?"

"రోజూ అంతాను. ఎందుకు?"

"ఊరుకుంటాడేటి?"

"ఊరుకోడు, అరుస్తాడు. అరిసి అరిసి, నాను సెప్పిందే సేస్తాడు."

"అయితే నా కుర్చీలో నువ్వు కూకో."

గౌరి చేతిలో చింతపిక్క అలాగే ఉండిపోయింది. గదిలోంచి కిరణ్ బయటికొచ్చాడు. ఆయన అలవాటు ప్రకారం రెండడుగులు వెనక్కి జరిగి దారిచ్చారు.

"మావయ్య గారూ, మరి నేను?"

"మీరు అమ్మకాలు సూడండి బాబూ. మీకు వచ్చిన పని అది. డైరెక్టరు కుర్చీ వొద్దు. నాను మిమ్మల్ని కాదననేను. ఎంత సూసినా నా వొల్ల కావట్లేదు. గౌరి అంతాది. నాను దిగిపోతన్నాను, మీరూ ఓ మెట్టు దిగండి."

ఆయన ఆలోచించి ఆలోచించి కనిపెట్టిన దారి అదన్నమాట. అల్లుణ్ణి దించడానికి నోరు రాక, ముందు తానే దిగిపోయారు. మామగారికి అల్లుడైనవాడు కూతురికి మొగుడే కదా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మాట ఒక నెల ముందు తట్టకూడదా అనిపించింది.

కిరణ్ బైకు తీసి శ్రీకాకుళం వెళ్లిపోయాడు. కొన్నాళ్లు రాలేదు. ఆ కొన్నాళ్లూ తవిటినాయుడు గారు అన్నం సరిగా తినలేదు. గౌరి మాత్రం రోజూ సమయానికి బస్సు దిగి కుర్చీలో కూర్చుంది. తర్వాత ఒకరోజు కిరణ్ కూడా ఆమెతోపాటే బస్సు దిగాడు. చాలాకాలం తర్వాత నాతో ఒకసారి అన్నాడు. "మావయ్య గారు అన్నిటికీ అవునవునంటుంటే నాకే భయమేసేదండీ. ఏదో గోతిలోకి నడుస్తున్నట్టుండేది."

ఫోన్ చేస్తే వసుధ గారు మళ్లీ వచ్చారు. ఆ పొద్దున్న బెంచీ చుట్టూ అందరం చేరాం. ఫ్లాస్కు అలవాటు ప్రకారం తవిటినాయుడు గారి ఒళ్లోనే ఉంది. గౌరి పని చెప్పి, తండ్రి ప్రశ్నే అడిగింది. కిరణ్, పెద్ద ప్రెస్సుకి ఇప్పుడే ఆర్డరిద్దామన్నాడు, ధర పెరిగేలోపు.

"అది అవ్వదు" అంది గౌరి. "ముందు కరెంటు లైను. లైను నేకుండా మిషను తెచ్చి దానికి దండేస్తావేటి?"

కిరణ్ మొహం ఎర్రబడింది. "నేను చెప్పేది పూర్తిగా విను..." అన్నాడు. వాళ్లిద్దరూ కాసేపు వాదించుకున్నారు. రమణ కూడా మధ్యలో రెండు మాటలేశాడు. చివరికి ముందు లైనుకి దరఖాస్తు అని తేలింది. తవిటినాయుడు గారు గ్లాసు నింపారు. గ్లాసు పట్టుకున్న చెయ్యి కిరణ్ దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత అల్లుణ్ణి దాటుకుని కూతురి దగ్గరికి వెళ్లింది. వసుధ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

డబ్బు వచ్చింది. అడిగినంత రాలేదు, అడిగినప్పుడు రాలేదు. అది చేతికందేసరికి సగంమంది రైతుల నార షావుకారి గోడౌనులో ఉంది. మిగిలినవాళ్ల నార కొన్నాం, షెడ్డు నిలబడింది, మరుసటి ఏడు గోగు ఇంకాస్త ఎక్కువే వేశారు. కంపెనీలకి డబ్బు ఎలా వస్తుందని ఈమధ్య నన్ను చాలామంది అడుగుతుంటారు. కాలేజీల్లో పిల్లలు అందమైన బొమ్మలు చూపించి, సరుకు గురించీ సంత గురించీ చెప్తారు. నేను వాళ్లని ఒకటే అడుగుతాను, మీలో ఎవరిని ఎవరూ కాదనలేరు అని. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. ఆ చూపుల్లోనే జవాబుంటుంది. మా దగ్గర అది అల్లుడైంది. ఇంకోచోట డబ్బున్న పెదనాన్న అవుతాడు, మరోచోట ఇంగ్లీషు బాగా వచ్చినవాడవుతాడు.

తవిటినాయుడు గారు కుర్చీ దిగారు గానీ షెడ్డు వదల్లేదు. రోజూ వచ్చి బెంచీ మీద కూర్చుని, కూతురు ఏం చెప్పినా కాదనేవారు. "నాన్నా, నువ్వు ఆలోసించి అంటన్నావా, టీ కోసం అంటన్నావా?" అని గౌరి విసుక్కునేది. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని పోలినాయుడి ఇంటికి వెళ్లారు. గుమ్మం ముందు నిలబడి, "మాట తప్పినాను. తిట్టు" అన్నారు. పోలినాయుడు తిట్టలేదు. లోపలికెళ్లి మొక్కజొన్న పొత్తులు గోనెసంచిలో వేసి తెచ్చి, "పిల్లలకి కాల్చి పెట్టండి" అన్నాడు. దారంతా ఆయన ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "తిట్టినా బాగుండును" అన్నారు ఒక్కసారి. మోపెడ్డు నేనే నడిపాను.

ఆయన పోయి ఏడాదవుతోంది. గుండెనొప్పి, ఆసుపత్రికి వెళ్దామంటే అక్కడ కూడా కాదన్నారట. సంవత్సరీకం రోజున షెడ్డులో చదవడానికి ఆయన గురించి రాసి తెమ్మని గౌరి అడిగింది. అందుకే ఆ రోజు చీపురుపల్లిలో దిగాను. రాసిన కాగితాలు ఆమె చేతికిచ్చాను. బెంచీ చుట్టూ రమణ, కిరణ్, ఇంకొంతమంది. గౌరి నిలబడే చదివింది. రమణ ఫ్లాస్కు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"బాగుంది" అన్నాడు కిరణ్.

గౌరి కాగితాలు మడిచి నాకే తిరిగిచ్చింది. "మొత్తం మంచే రాసినావు బాబూ. పోలినాయుడి నార ఎక్కడికెల్లిందో రాయనేదేటి? మా నాన్న మాటాడనేక ఊరుకున్న నెల ఎవుడి నెత్తిన పడిందో?" అంది. "పోలినాయుడు ఇప్పటికీ మొక్కజొన్నే ఏస్తన్నాడు. గోగు ఏస్తావేటి అని అడిగితే, నవ్వి ఊరుకుంతాడు."

రమణ ఫ్లాస్కు మూత తీసి మొదటి గ్లాసు ఆమెకిచ్చాడు. నేను కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి మొదటినుంచీ మళ్లీ రాశాను. ఇదే అది.